కొండదారి మెలికలు నేర్చిన రోజు

ఒకప్పుడు కొండదారులకు మలుపులనేవే తెలియవు. కింద మొదలుపెడితే పైదాకా ముక్కుసూటిగా పోయేవి. ఎక్కేవాళ్ళు రొప్పుతూ ఎక్కేవాళ్ళు. దిగేవాళ్ళు మాత్రం దిగనక్కర్లేదు, జారితే చాలు!

తుమ్మెదగట్టు అని ఒక పొడుగాటి కొండ ఉండేది. దాని మీది దారికి అన్ని దారులకంటే ఎక్కువ గీర. నున్నగా దువ్విన తలలో పాపిటలా ఉండేది మరి. "నాలాగా తిన్నగా పోయేది ఇంకోటి చూపించండి!" అని వచ్చేపోయే పిట్టలతో కూడా పందెం వేసేది.

ఆ దారంటే వానకి ప్రాణం. కొండకొమ్మున దిగడం, దారి మీద కూర్చోవడం, జర్రున కిందికి జారిపోవడం! పోతూపోతూ దోసెడు మట్టి కూడా పట్టుకుపోయేది. తుమ్మెదగట్టుని అందరూ కొండతాత అనేవాళ్ళు. తాగుదామని ఆయన నోరు తెరిచేలోపు వాన ఎక్కడో వాగులో ఉండేది.

"ఏమే వానా! కాస్త ఆగవే, గుక్కెడు తాగనీవే!" అని అరిచేవాడు కొండతాత.

"నేనేం చెయ్యను తాతా? దారి జారుతుంటే కాళ్ళు ఆగవు!" అని కిందినుంచి అరిచేది వాన.

వానాకాలంలో కూడా దాహంతో అల్లాడిన కొండ ఎక్కడైనా ఉందా? తుమ్మెదగట్టు అలాగే ఉండేది. కొండ తాగితేనే కదా కొండ కింద ఊట ఊరేది! ఆ ఊట ఏటికేడు సన్నబడిపోయింది. కణుజు జింకలు నాలుక తడుపుకోవడానికి వంతులు వేసుకునే రోజులొచ్చాయి.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. నాకు పాలొద్దు, ఆ నీళ్ళన్నా తాగనివ్వండర్రా!" అని కొండతాత మొత్తుకున్నాడు.

జంతువులకి జాలేసింది. ముళ్ళపంది దారి నిండా గుంటలు తవ్వింది. వాన వచ్చి గుంటల్ని మట్టితో పూడ్చేసి పోయింది. ఎలుగుబంటి, "ఇది నా పని, మీరు తప్పుకోండి" అని దారికి అడ్డంగా చతికిలబడింది. వాన వచ్చి దాన్ని కూడా జారించుకుపోయింది! పాపం ఎలుగుబంటి కొండ కింద బురదలో తేలింది. లేచి అటూ ఇటూ చూసి, స్నానానికి వచ్చానని చెప్పుకుంది.

"అమ్మా దారీ, కాస్త వంగు తల్లీ" అని అందరూ బతిమాలారు.

"వంగడమా? నేనా? వంకర దారని నలుగురూ నవ్వరూ!" అని దారి మూతి తిప్పుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

కొండ మీద ఒక చిన్న గూడెం ఉండేది. ఆ గూడెంవాళ్ళకి ఒక ఆచారం ఉంది. బిడ్డ పుడితే, ఊటనుంచి మోసుకొచ్చిన నిండుకుండతో తలారా నీళ్ళు పోసి, అప్పుడే పేరు పెడతారు. కుండ వెలితిగా ఉంటే పేరు పెట్టరు. ఈదమ్మ అనే ఆవిడకి మనవరాలు పుట్టింది. బోసినవ్వులు నవ్వుతోంది, బోర్లా పడుతోంది, ఇంకా పేరు లేదు! ఈదమ్మ రోజూ ఊటకి దిగి కుండ నింపేది. కానీ ఆ నిలువు దారి మీద ఎక్కుతుంటే ఒళ్ళంతా ఊగి నీళ్ళు తొణికిపోయేవి. గూడెం చేరేసరికి సగం కుండ ఖాళీ.

చివరికి గూడెం పెద్ద ఒక మాట చెప్పాడు. "ఈ పొద్దు నిండుకుండ రాకుంటే కొండ దిగి పోదాం ఈదమ్మా. నీళ్ళుండే తావున బిడ్డకి పేరు పెట్టుకుందాం."

ఆ మాట కొండతాత విన్నాడు. తన మీద పుట్టి పెరిగినవాళ్ళు తనని వదిలి పోతారా? ఆయనకి గుండె బరువెక్కిపోయింది.

ఈదమ్మ ఊట దగ్గరికి వెళ్ళి కూర్చుంది. చుక్క చుక్కా పట్టి కుండ నింపేసరికి ఊట అడుగు కనిపించింది. ఇంకో కుండకి నీళ్ళు లేవు. నీళ్ళు తొణక్కుండా కుండలో కానుగ రెమ్మ వేసింది. తలమీద చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద కుండ ఎత్తుకుంది. దారి ముందు ఒక్క క్షణం నిలబడింది. తర్వాత దాన్ని వదిలేసి, పక్కనున్న గడ్డిలో అడుగుపెట్టింది.

దారికి ఒళ్ళు మండింది. "నేనుండగా పక్కనుంచి పోతావా? పడతావు చూడు!"

"నేను పడినా లేస్తాను. ఈ నీళ్ళు పడితే నా మనమరాలికి పేరుండదు" అంది ఈదమ్మ.

"నేను నిన్ను చప్పున పైకి చేర్చడంలేదా?"

"నన్ను చేర్చినావు తల్లీ. నా నీళ్ళని ఒక్కనాడన్నా చేర్చినావా?"

దారి ఆమె నెత్తి మీది కుండ వైపు చూసింది. నిజమే! తాను ఎంత తిన్నగా ఉన్నానా అని చూసుకుందే గానీ, తన మీద నడిచేవాళ్ళ నెత్తిన ఏముందో ఎప్పుడూ చూడలేదు. దానికి సిగ్గేసింది.

ఈదమ్మ కొండకి అడ్డంగా, నింపాదిగా నడుస్తోంది. కుండలో రెమ్మ కదలడం లేదు. "నాకూ నేర్పవా?" అని దారి చిన్నగా అడిగింది.

"నేర్పేదేముంది? నా ఎనకే రా. నేను ఆగితే ఆగు, తిరిగితే తిరుగు."

దారి ఒళ్ళు విరుచుకుని లేచింది. ఈదమ్మ అడుగులో అడుగు వేస్తూ నడిచింది. ఆమె చీమలపుట్టని చుట్టి వెళ్తే అదీ చుట్టింది. ఆమెకి ఆయాసం వచ్చి ఒక చెట్టు కింద ఆగితే అదీ ఆగింది. ఆమె ఇటునుంచి అటు తిరిగితే అదీ తిరిగింది. అలా ఆగుతూ, తిరుగుతూ ఇద్దరూ పొద్దు వాలేలోపు గూడెం చేరారు.

కుండ నిండుగా ఉంది!

గూడెమంతా కేకలు, డప్పులు. పాపకి తలారా నీళ్ళు పోశారు. అది ఏడ్చి గోల చేసింది. ఏం పేరు పెట్టారో తెలుసా? గట్టమ్మ. కొండ పేరే! కొండతాత ఆనందం పట్టలేక నాలుగు రాళ్ళు దొర్లించాడు.

ఆ డప్పులకి వాన కూడా పరుగెత్తుకొచ్చింది. ఎప్పటిలాగే దారి మీద కూర్చుని జర్రున జారబోయింది. మొదటి మలుపు దాని డొక్కలో పొడుచుకుంది. రెండో మలుపులో కళ్ళు తిరిగాయి. మూడో మలుపులో, "నావల్ల కాదు తాతా" అంటూ గడ్డిలో కూలబడింది. కొండతాత గటగటా తాగాడు. కడుపారా తాగాడు. కొన్నాళ్ళకి కింద ఊట మళ్ళీ గలగలమంది. గూడెం కొండ దిగలేదు.

గాలి ఈ కబురు మోసుకెళ్ళింది. కొండ కొండనా దారులన్నీ ఒకదాన్ని చూసి ఒకటి ఒళ్ళు వంచాయి.

అప్పటినుంచే కొండదారులు మెలికలు తిరుగుతూ ఎక్కుతున్నాయి. మీరూ ఎప్పుడైనా కొండెక్కితే చూడండి. ఇంక నావల్ల కాదు అనిపించే చోటికి సరిగ్గా ఒక మలుపు వస్తుంది. పక్కనే ఒక చెట్టు నీడ ఉంటుంది. అక్కడ ఈదమ్మ ఆగింది. మీరూ కాసేపు ఆగండి.