పగిలిందని అనరాదు

మణిగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలిన అరిందముడు మనిషి మంచివాడే గానీ, మాట తెలిసినవాడు ఎవడైనా తన తరవాతే అని ఆయన నమ్మకం. ఎదుటివాడు మాట తప్పుగా వాడితే, దాన్ని దిద్దేదాకా ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆయన పుట్టినరోజున దాసి వచ్చి, "ప్రభూ, నిలువుటద్దం పగిలింది" అన్నది. ఆ సాయంత్రమే రాజు గుర్రం మీంచి పడ్డాడు. నడుము పట్టేసింది. తప్పంతా ఆ మాటదేనని తేల్చి, "పగలడం అన్న మాట ఏ రూపంలోనూ వినపడరాదు. పలికినవారికి దేశబహిష్కారం" అని చాటింపు వేయించాడు.

జనం తంటాలు పడ్డారు. కుండ పగిలితే "కుండ పోయింది" అనేవారు. పక్కింటివాళ్ళు కర్రలు పట్టుకుని దొంగను వెతకబోయేవారు.

ఇలా ఉండగా బసివన్న అనే రైతు సభకు వచ్చాడు. వరస కరువుల తరవాత అతని పత్తిచేను తెల్లగా విచ్చుకుంది. ఆ సంబరంలో ఒళ్ళు మరిచి, "దొరా, పత్తి బాగా పగిలింది!" అనేశాడు.

భటులు రెక్క పట్టుకున్నారు. బసివన్న చేతులు జోడించాడు. "పత్తి తీతకొచ్చిన చేను దొరా, ఇంట్లో ముసలితల్లి ఒక్కతే ఉంది..."

ఆస్థాన కవి పేరిభట్టు లేచాడు. "ప్రభూ, ఏమనాలో తెలియక అన్నాడు. నేను నేర్పుతాను. నేర్పలేకపోతే నన్నూ వాడితో పంపండి."

"నేర్పు చూద్దాం. నేర్పితే వదిలేస్తాను" అన్నాడు రాజు.

పేరిభట్టు రైతు వైపు తిరిగాడు. "బసివన్నా, ఇకమీదట పత్తికాయ విరిగింది అనాలి."

రాజు ముఖం చిట్లించాడు. "విరిగేది కొమ్మ."

"పొరపాటు ప్రభూ. పత్తికాయ తెగింది."

"తెగేది తాడు!"

"అయితే చిరిగింది."

"చిరిగేది బట్ట! నీకు చదువు చెప్పిందెవరయ్యా?" రాజు సింహాసనం అంచుకు జరిగాడు.

పేరిభట్టు బుర్ర గోక్కున్నాడు. "పేలింది అందామా?"

"పేలేది మందుగుండు! పత్తికాయ పగులుతుందయ్యా, పగులుతుంది!"

భటులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పేరిభట్టు చేతులు కట్టుకుని మెల్లగా అన్నాడు. "విన్నావుగా బసివన్నా? ఏమనాలో ప్రభువులే నేర్పారు. పొలిమేర దాకా నీకు ప్రభువుల తోడు కూడా దొరికింది."

రాజు గుడ్లురిమి చూశాడు. తరవాత మీసం కదిలింది. ఆపైన సింహాసనం చేతిని బాదుతూ ఒకటే నవ్వు. రైతును వదలమని సైగ చేశాడు. చాటింపు రద్దన్నాడు. తన శాలువా తీసి పేరిభట్టుకు కప్పబోయి, నవ్వు ఆగక కప్పలేకపోయాడు.

ఆ గోలకు తోటమాలి పరుగున వచ్చి, "రాజుగారికేమైంది?" అని ద్వారపాలకుణ్ణి అడిగాడు. చాటింపు రద్దన్న మాట ద్వారపాలకుడి చెవిన పడలేదేమో, నోరు తెరిచి మూసుకున్నాడు.

"చెప్పవయ్యా," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ, "పగలబడి నవ్వుతున్నానని చెప్పు!"