ఐదు చిప్పల ఈత

గోదావరి రెండు పాయలుగా చీలిన చోట, నడుమ ఒక లంక ఉంది. ఎండలు ముదిరితే ఈ ఒడ్డున గడ్డి మాడి నేల బోడిగుండులా బయటపడుతుంది. లంకలో మాత్రం మోకాలెత్తు పచ్చిక. అందుకే ఏటా వేసవిలో ఇక్కడి గేదెలన్నీ పాయ ఈది లంకకు పోతాయి, వానలు పడేదాకా అక్కడే మేస్తాయి. వాటి వెనకాలే కాపర్లు కుక్కల్ని వెంటేసుకుని పడవలో వెళ్తారు.

ఆ మందలో చుక్కి అని ఒక పడ్డ ఉండేది. ఇంకా ఈనలేదు, నుదుట తెల్లచుక్క, వయసుకు మించిన దూకుడు. పోయినేడు మొదటిసారి పాయ దాటబోయినప్పుడు అందరికంటే ముందు దూకింది, అందరికంటే ముందు పోయింది, సరిగ్గా నడుమకు చేరాక అందరికంటే ముందు చతికిలబడింది. ఎలాగో ప్రాణాలతో వెనక్కి కొట్టుకొచ్చి, వేసవంతా ఈ ఒడ్డున ఒక్కతే ఎండుగడ్డి నమిలింది. లంక నుంచి అమ్మ అరుపు గాలికి వినబడినప్పుడల్లా ఏడ్చేది.

ఈ ఏడు అమ్మ చూలుతో ఉంది.

"ఈసారీ వెనక్కి తిరిగావంటే నేనూ నీతో వచ్చేత్తానే," అంది అమ్మ. "పోయినేడు నిన్నొదిలేసి తిన్న గడ్డి నాకు ఒంటబట్టలేదు."

"వచ్చేసి ఏం తింటావమ్మా? నీ కడుపులో ఉన్నదాని సంగతేంటి?"

"నువ్వేం తింటే మేమూ అదే."

చుక్కికి ఆ ఎండుగడ్డి రుచి గుర్తొచ్చింది. మంద కదలడానికి ఇంకా నెల ఉంది. మర్నాడు తెల్లవారగానే ఏట్లో దిగి పిచ్చిపట్టినట్టు ఈదసాగింది.

పాతపడ్డ వల గుంజల దగ్గర ఒక ముసలి నీటికుక్క కాపురముండేది. పేరుకే కుక్క. రోజంతా నీళ్ళలో మునిగి తేలుతూ, ఒడ్డున కూర్చుని చేపలూ ఆల్చిప్పలూ కొరుక్కుతినే జీవం. ఏరంతా దాన్ని మామ్మా అని పిలిచేది.

"ఏంటే చుక్కీ, నీళ్ళతో తగువు పెట్టుకున్నావా?" అంది మామ్మ.

"ఈత నేర్చుకుంటన్నాను మామ్మా."

"ఈత నీకు పుట్టుకతోనే వచ్చు. నీకు రానిది వేరే ఉంది. ఆ గుంజ కాడ్నించి ఈ గుంజ దాకా పదిసార్లు ఈదు. నా పని నేను చూసుకుంటా."

మామ్మ పని తినడం. టక్కున చిప్ప పగలగొట్టడం, లోపలిది జుర్రుకోవడం, చిప్ప పక్కన పడెయ్యడం, మళ్ళీ టక్కు. పక్కన పిడుగు పడ్డా ఆ వరస తప్పదు. చుక్కి మొదటి సారి గుంజ చేరేలోగా మామ్మ మూడు చిప్పలు తింది. ఐదోసారి చేరేలోగా ఏడు తింది. ఆరోసారి చుక్కి చేరనేలేదు, నడుమ బురదలో నిలబడి డొక్కలెగరేసింది.

"చూసుకో," అని మామ్మ చిప్పల కుప్పలు చూపించింది. "ముందు మూడు, తర్వాత ఏడు. నీకు రెండే తెలుసు, ఎగరడం, కూలబడడం. ఈ రెంటికీ మధ్య నీ ఈత ఎక్కడో ఉంది. ఎతుకుదాం పద."

మర్నాడు ఆరు చిప్పల ఈత, అంటే మామ్మ సరిగ్గా ఆరు చిప్పలు తినే సేపట్లో గుంజ చేరాలి. పదిసార్లూ ఆరే పట్టాయి. ఈదుతూనే చుక్కి తన చిన్నప్పటి కబుర్లన్నీ ఏకరువు పెట్టింది.

"ఇన్ని కబుర్లొత్తన్నాయంటే అది షికారు," అని మామ్మ తేల్చేసింది. "ఇలా పోతే పాయ నిన్ను నేరుగా సముద్రంలో దింపుతుంది."

ఆ మర్నాడు నాలుగు చిప్పలు. నాలుగోసారి మామ్మ "ఎలాగుందే?" అని అడిగింది. చుక్కి నోరు తెరిచింది, మాట రాలేదు, గాలి వచ్చింది. ఆ తర్వాత నాలుగు కాస్తా ఆరైంది, ఆరు ఎనిమిదైంది.

నాలుగోరోజు ఐదు. కాళ్ళు మండాయి, ఊపిరి బరువెక్కింది. అయినా పదిసార్లూ ఐదే పట్టాయి.

"ఎలాగుందే?"

"కష్టమే... పర్లేదు."

"అదీ!" మామ్మ సంబరంలో చేతిలో చిప్ప నీళ్ళలో పారేసుకుంది. "రెండు మాటలొత్తన్నాయి, మూడోది రావట్లేదు. ఇదేనే నీ ఈత. ఇంతకంటే తొందరపడితే ఊపిరి తెగుద్ది. ఇంతకంటే నెమ్మదిస్తే ఏరు లాక్కుపోద్ది."

ఆ రోజు నుంచి రోజూ అదే పని. ఐదు చిప్పల ఈత, ఒక్క చిప్ప తినేంత సేపు విశ్రాంతి, మళ్ళీ ఐదు చిప్పల ఈత. విసుగొచ్చి ఎప్పుడైనా చుక్కి దూకుడు చేస్తే మామ్మ మొదట్నించీ ఈదించేది. చుక్కి లోపల తిట్టుకుంటూనే ఈదేది. మూడు వారాలయ్యేసరికి అదే ఊపిరికి, అవే రెండు మాటలకి, నాలుగున్నర చిప్పలే పట్టాయి.

"ఆ మిగిలిన అరచిప్ప నీ కష్టార్జితం," అంది మామ్మ. "గేదెవి గనక తినవు. నేనే తింటాలే."

పాయ దాటే రోజు వచ్చింది. "ఏటి నడుమ గుంజలుండవు, చిప్పలుండవు. నీ నోటినే అడుగు," అని చెప్పి పంపింది మామ్మ. ఏటి నడుమ ఎవరితో మాట్లాడాలి? అక్కడ ఏ గేదె ముక్కు దానికే బరువు. చుక్కి ఇలా మథనపడుతుంటే ఒక నక్క తోకాడిస్తూ వచ్చాడు.

లంకలో పుచ్చతోటలు పండాయి. కాపర్ల కుక్కలు దిగేలోపే వెళ్ళి పొట్ట నింపుకోవాలని నక్క ఆరాటం. అంత దూరం ఈదే సత్తా వాడికి లేదు.

"చుక్కమ్మగారూ, ఆయ్! తమ ఈత చూసి మురిసిపోయానండి. వీపు మీద కూసింత చోటిస్తే దారంతా కబుర్లు చెప్తానండి. అలుపే తెలీదు."

"దారంతా వాగుతానే ఉంటావా బాబాయ్?"

"ఒట్టండి బాబూ!"

"అయితే ఎక్కు."

ఇంత సులువుగా పడిపోయిందేంటా అని నక్క లోలోపల నవ్వుకున్నాడు. అమ్మ మాత్రం చిరాకు పడింది. "ఈణ్ణెందుకే ఎక్కించుకున్నావు?"

"అవతలికెళ్ళాక చెప్తానమ్మా."

మంద పాయలో దిగింది. కొమ్ములరాజు అనే కుర్ర దున్న నీళ్ళు చిమ్ముకుంటూ అందర్నీ దాటిపోయాడు. చుక్కి చివరి వరసలో ఉంది.

"అదేంటి, అందరూ ముందుకెళ్తన్నారు!" అన్నాడు నక్క.

"పోనీ... బాబాయ్."

"కొంచెం కాళ్ళాడించొచ్చుగా?"

"వద్దు... బాబాయ్."

"మాటకి రెండు ముక్కలేనా? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" వాడికి ఒళ్ళు మండింది. "పోయినేడు సగంలో తిరిగొచ్చిన పడ్డ నువ్వేనటగా! ఈసారి మీ అమ్మని కూడా వెనక్కి లాక్కొత్తావని ఒడ్డంతా నవ్వుతన్నారు."

ఆ మాట చుక్కికి తగలాల్సిన చోట తగిలింది. ఒక్క ఊపులో నాలుగు గేదెల్ని దాటేసింది.

"అదీ దెబ్బ! ఇప్పుడేమంటావ్?"

చుక్కి నోరు తెరిచింది. మాట రాలేదు. చుట్టూ చూస్తే పోయినేడు చతికిలబడిన చోటే అది. రెండొడ్డులూ సమాన దూరంలో ఉన్నాయి. ముందెక్కడో అమ్మ తల నీళ్ళ మీద నల్లగా కనబడుతోంది. చుక్కికి చచ్చేంత భయమేసింది. అయినా పళ్ళు బిగించి కాళ్ళ జోరు తగ్గించింది. దాటొచ్చిన నాలుగు గేదెలూ మళ్ళీ దాన్ని దాటిపోయాయి. పోనిచ్చింది.

"చెవుడా? ఏమంటావ్?" నక్క మళ్ళీ అరిచాడు.

"ఏమీ... అనను."

రెండు మాటలు! తన గొంతు తనకే అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు. చుక్కి అదే జోరు పట్టుకుని సాగింది.

నక్క వెనక్కి చూశాడు. కాపర్ల పడవ ఒడ్డు వదిలింది. ముందు భాగంలో నిలబడ్డ రెండు కుక్కలూ వాడినే చూస్తున్నాయి. సరిగ్గా అప్పుడే, ముందు దూసుకెళ్ళి అలిసిపోయిన కొమ్ములరాజు వెనకబడి చుక్కి పక్కకొచ్చాడు. ఒక పడ్డ తనని దాటిపోతోందని పౌరుషమొచ్చి, మిగిలిన బలమంతా పెట్టి ఒక్క దూకు దూకాడు.

"ఇదీ ఈతంటే! నీతో పెట్టుకుంటే తెల్లారినట్టే," అని నక్క చుక్కి వీపు మీద నుంచి ఎగిరి కొమ్ములరాజు మీద పడ్డాడు.

పట్టుమని పది బారలు పోలేదు, కొమ్ములరాజు నోట నురగొచ్చింది. మూతి మాత్రం పైకి పెట్టి, బెదిరిపోయి వెనక్కి తిరిగాడు. ప్రవాహం వాణ్ణీ, వాడి మెడ పట్టుకుని వేలాడుతున్న నక్కనీ కిందికి నెట్టుకుపోయి, బయలుదేరిన ఒడ్డునే బురదలో పడేసింది.

చుక్కి గిట్టలకు ఇసుక తగిలింది. నమ్మలేక ఇంకో అడుగు వేసి చూసింది, మళ్ళీ ఇసుకే. ఎదురొచ్చిన అమ్మ మెడకు మెడ రాసింది. ఇద్దరూ చాలాసేపు గడ్డి మాటే మరిచిపోయారు.

"ఇంతకీ ఆణ్ణెందుకే ఎక్కించుకున్నావు?"

"వాగుతాడనమ్మా. ఆడు అడిగిన ప్రతిసారీ నా ఊపిరెంతుందో నాకు తెలిసిపోయేది. పాపం, పుచ్చకాయలు తినాలనుకున్నాడు, నన్ను దాటించి పోయాడు," అంది చుక్కి, గుక్కతిప్పుకోకుండా.

అవతలి ఒడ్డున కొమ్ములరాజు తల వంచుకుని మామ్మ గుంజల దగ్గరికి పోయాడు. వానలకి ఇంకా చాలా రోజులున్నాయి, నెల తర్వాత ఇంకోసారి దాటొచ్చు. మామ్మ మొదటి చిప్ప టక్కున పగలగొట్టింది. తడిసి ముద్దయిన నక్క పక్కనుంచి జారుకోబోతే తోక పట్టుకుని ఆపింది.

"నువ్వెక్కడికిరా? ఇక్కడ కూర్చుని వాగుతా ఉండు. ఈడికి రెండు మాటలొత్తన్నాయో లేదో నేను చూడాలి."

"మరి నాకు తినడానికో?"

మామ్మ ఖాళీ చిప్పల కుప్ప వాడి ముందుకి తోసింది.

తన ఊపిరి కొలత తెలుసుకుని ఈదేవారికి, పాయ ఎంత వెడల్పైనా అవతలి ఒడ్డు అందుతుంది.