హాల్లో మాట్లాడరాదు

ధనుంజయ్‌కి కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న సమస్య ఒక్కటే. కాకినాడ జనం సినిమా హాల్లో నోరు మూసుకోరు.

పదిహేనేళ్లు మూతబడి, పావురాలు కాపురం పెట్టిన చంద్రికా టాకీసుని, ఓనర్ల వెంటపడి మళ్లీ బాగుచేయించింది అతనే. కుర్చీలు కొత్తవి, తెర కొత్తది, మెషిను మాత్రం పాతదే. ప్రతి ఆదివారం ఒక మ్యాట్నీ వేస్తారు. పెట్టెల్లో మగ్గిపోయిన పాత బొమ్మలు, పెద్ద హాళ్లు గుమ్మం తొక్కనివ్వని చిన్న బొమ్మలు. పూణేలో సినిమా చదువు చదివొచ్చిన ధనుంజయ్ ఆటకి ముందు తెర దగ్గర నిలబడి పావుగంట ఉపన్యాసం ఇస్తాడు. ఆ పావుగంటా జనం కిక్కురుమనకూడదు. తర్వాత రెండు గంటలూ కూడా అంతే. అదీ అతని పద్ధతి.

రీలు మీద బొమ్మ వెయ్యడం తెలిసిన ఆపరేటరు ఊళ్లో ఒక్కరే మిగిలారు, లాజరు మాస్టారు. డెబ్బై దాటిన మనిషి. ధనుంజయ్ ఆయన దగ్గర శిష్యరికం చేస్తున్నాడు. రీలు ఎక్కించడం, తెగితే అతుకు వెయ్యడం ఆర్నెల్లలో పట్టేశాడు. మాస్టారు మాటల్లో మహా పిసినారి. ఆయన నోట పది మాటలు విన్న రోజు శిష్యుడికి పండగే.

ఒక ఆదివారం ధనుంజయ్ గుమ్మం దగ్గర రేకు బోర్డు కట్టించాడు. ఎర్ర రంగు, జానెడు అక్షరాలు. "హాల్లో మాట్లాడరాదు."

ఆ రోజే బాల్కనీ వెనక వరసలోంచి గుసగుస మొదలైంది. "తలుపు తీశాడక్కా. బయట ఎవరూ లేరు. ఇదుగో, మళ్లీ వేసేస్తున్నాడు."

ధనుంజయ్ టార్చి పట్టుకుని మెట్లెక్కాడు. అరవై దాటిన ఆడవాళ్లిద్దరు. ఒకావిడ చెబుతోంది, పక్కావిడ వింటోంది. మొహాల మీద లైటు వేశాడు. చెబుతున్నావిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కావిడ రెప్ప కూడా వెయ్యలేదు. తెర వైపు మొహం పెట్టి అలాగే కూర్చుంది. ఎంత పొగరు అనుకున్నాడు ధనుంజయ్.

"తెర మీద కనపడేదే కదండీ మీరు చెబుతున్నది? అందరికీ కళ్లున్నాయి. కబుర్లు చెప్పుకోవాలంటే బయటికెళ్లి చెప్పుకోండి."

మొదటావిడ ఏదో గట్టిగా అనబోయింది. పక్కావిడ ఆమె మోచెయ్యి నొక్కింది.

"పద తాయారూ," అంది.

ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత హాలంతా చడీచప్పుడూ లేదు. ధనుంజయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఆట అయ్యాక ఆపరేటరు గదికి వెళ్లాడు. మాస్టారు రీలు వెనక్కి చుట్టుకుంటున్నారు.

"చూశారా మాస్టారూ, ఇవాళ హాలు ఎలా ఉందో! కానీ నాదొక సందేహమండీ. ఈ ఊరికి సినిమా చూడ్డం నేర్పాలంటే ఎన్నేళ్లు పడుతుందంటారు?"

మాస్టారు చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆయన గది కిటికీలోంచి బాల్కనీ మెట్లు బాగా కనపడతాయి.

"శుక్రవారం పెట్టె వస్తోంది కదా," అన్నారు. "అప్పుడు రా. చెబుతాను."

ఆ పెట్టె కోసం ధనుంజయ్ ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. నలభై ఏళ్లుగా ఎవరూ చూడని పాత బొమ్మ ఒకటి తెనాలిలో ఎవరిదో గోడౌన్లో బయటపడింది. ఉన్న ప్రింటు అదొక్కటే. దాని గురించి చదవడమే గానీ ఒక్క సీను కూడా అతను ఎరగడు. శుక్రవారం పొద్దున్నే తలంటుకుని మరీ వచ్చాడు.

"నువ్వు కింద కూర్చో అబ్బాయ్. హాలు నడిమధ్యన," అన్నారు మాస్టారు. "పైన నేను చూసుకుంటా."

దీపాలు ఆరాయి. మెషిను తిరిగిన చప్పుడు వినపడింది. వాన మొదలైంది. బురదలో ఎవరివో అడుగులు. తలుపు కిర్రుమంది. ఆడ గొంతు ఒకటి "నువ్వా!" అంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"మాస్టారూ! బొమ్మ పడలేదండీ!"

"తెలుసు," అని పైనుంచి జవాబొచ్చింది.

"దీపానికి రేకు అడ్డం ఉండిపోయిందేమో చూడండి!"

"ఉండిపోలేదు. నేనే పెట్టాను. విను."

ధనుంజయ్‌కి ఒళ్లు మండింది. అయినా గురువుగారి మాట. చెవులు రిక్కించి కూర్చున్నాడు. చాలాసేపు మాటల్లేవు, వాన తప్ప. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఏదో పర్రున చిరిగింది. ఆ ఆడమనిషి ఫక్కున నవ్వింది. ఎందుకు నవ్విందో తెలీక ధనుంజయ్ గిలగిల్లాడిపోయాడు.

"ఎవరొచ్చారండీ మాస్టారూ? ఏం చింపారు? ఒక్కమాట చెప్పండి!"

కాసేపటికి హాలు తలుపు తెరుచుకుంది. రీలు తిరుగుతుండగా మెషిను వదిలి ఏనాడూ కదలని మనిషి, ఒక్కో మెట్టూ దిగి వస్తున్నారు. ధనుంజయ్ పక్కకొచ్చి నిలబడి అతని మొహం మీద టార్చి వేశారు.

ధనుంజయ్ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"హాల్లో మాట్లాడకూడదు," అన్నారు మాస్టారు మెల్లిగా. "గుమ్మం దగ్గర బోర్డు చూడలేదా?"

ధనుంజయ్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. లైటు పడినా రెప్ప వెయ్యని ఆ మొహం గుర్తొచ్చింది. చెయ్యి పట్టుకుని దిగిన మెట్లు గుర్తొచ్చాయి. అందరికీ కళ్లున్నాయి అన్న తన మాట తనకే వినపడింది. సిగ్గుతో చితికిపోయాడు. నల్లటి తెర వెనక ఎవరో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

లేచి నిలబడ్డాడు. "వాళ్లిల్లు ఎక్కడండీ?"

"జగన్నాథపురం. వంతెన దిగాక కుట్టుపని నేర్పే మంగతాయారు ఇల్లంటే ఎవరైనా చెబుతారు," అని మాస్టారు టార్చి ఆర్పేసి పైకి వెళ్లిపోయారు.

మంగతాయారు అతన్ని వీధరుగు మీదే నిలబెట్టింది. లోపల మంచం మీద వాళ్లక్క రత్నమాణిక్యం చిక్కుడుకాయలు చేత్తో తడుముకుంటూ ఈనెలు తీస్తోంది. షుగరుతో ఆవిడ చూపు పోయి ఏడేళ్లయింది.

"మీ టార్చి లైటు మా అక్కకి తెలీదండీ," అంది మంగతాయారు. "మీ మాట మాత్రం బాగా వినపడింది."

"తప్పయిపోయిందండీ. ఆదివారం మీరిద్దరూ రావాలి. బోర్డు తీయించేశాను."

"తీస్తే తీశారు. నేను మాత్రం ఆ హాల్లో ఇంక నోరిప్పను. ఒట్టేసుకున్నాను."

"ఏం బొమ్మ బాబూ?" అని లోపల్నుంచి అడిగింది రత్నమాణిక్యం.

ధనుంజయ్ బొమ్మ పేరు చెప్పాడు. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు.

ఆదివారం మూడయ్యేసరికి హాలు నిండింది. బాల్కనీ వెనక వరస చివర మూడు కుర్చీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ధనుంజయ్ మెట్ల దగ్గరే నిలబడి రోడ్డు చూస్తూ తన పావుగంట ఉపన్యాసం సంగతే మరిచిపోయాడు. ఆ సంగతి గమనించి జనం ఎంత సంతోషించారో అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటి బెల్లు అయింది. రెండో బెల్లు అయింది. లాజరు మాస్టారు ఎవరి కోసమూ ఆట ఆపే మనిషి కాదు. సరిగ్గా మూడో బెల్లుకి అక్కచెల్లెళ్లిద్దరూ రిక్షా దిగారు.

మంగతాయారు అక్కని కూర్చోబెట్టి, తనొక పక్క కూర్చుని, రెండో పక్క ఉన్న కుర్చీ చూపించింది.

"నా ఒట్టు నాది. ఇవాళ మీరు చెప్పండి," అంది.

ధనుంజయ్ కూర్చున్నాడు. వాన మొదలైంది. అతను గొంతు బాగా తగ్గించి, "ఇక్కడ కెమెరా నేలకి దగ్గరగా ఉందండీ. వెలుగునీడల్ని దర్శకుడు వాడుకున్న తీరు…" అన్నాడు.

"అది కాదు బాబూ," అంది రత్నమాణిక్యం. "ఎవరొచ్చారు?"

ధనుంజయ్ తెర వైపు చూశాడు.

"ఒకాయనండీ. తడిసి ముద్దయిపోయాడు. చేతిలో గొడుగుంది, తెరవలేదు."

"గొడుగు పెట్టుకుని తడవడమేంటి?"

తెర వైపు మళ్లీ చూశాడు. ఈసారి కళ్లు చిట్లించుకుని చూశాడు.

"గొడుగు మడతలో ఏదో దాచాడండీ. ఉత్తరం. ఆవిడకిస్తున్నాడు… చింపేసింది. చదవకుండానే."

"చేతులు వణుకుతున్నాయా?"

"లేదండీ."

"అయితే అందులో ఏముందో ఆవిడకి ముందే తెలుసు," అంది రత్నమాణిక్యం. అప్పుడు తెర మీద ఆవిడ ఫక్కున నవ్వింది. రత్నమాణిక్యం కూడా నవ్వింది. శుక్రవారం చీకట్లో అంతుపట్టని ఆ నవ్వు ధనుంజయ్‌కి ఇప్పుడు అర్థమైంది.

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి "ష్" అన్నాడు. ధనుంజయ్ ఆయనకి రెండు చేతులూ జోడించి, రత్నమాణిక్యం చెవి దగ్గరికి వంగి ఇంకా మెల్లిగా చెప్పసాగాడు. అరగంట గడిచాక మంగతాయారు ఒట్టు నిలబెట్టుకోలేకపోయింది. "ఆ చీర పెళ్లినాటిదే అక్కా. ఆ మాట చెప్పడేం ఈయన!" అంటూ అందుకుంది. మిగతా బొమ్మంతా ఇద్దరూ కలిసి చెప్పారు.

ఆట అయ్యాక ధనుంజయ్ ఆపరేటరు గదికి వెళ్లాడు. మాస్టారు రీలు వెనక్కి చుట్టుకుంటున్నారు. అతను వెళ్లి రెండో చక్రం పట్టుకున్నాడు.

"మొన్న ఏదో అడిగావు," అన్నారు మాస్టారు తల ఎత్తకుండా. "ఎన్నేళ్లు పడుతుందని."

"వద్దులెండి మాస్టారూ."

"వారం," అన్నారు మాస్టారు.