నేల తిన్న ఉత్తరీయం

పొలానికి సూరేకారం అనే ఉప్పు ఎంత చల్లితే అంత పంట అని కామరసు అనే అధికారి ఊరూరా చాటింపు వేయించాడు. నాంచారి అనే రైతు మాత్రం పేడ తప్ప మరేదీ వెయ్యనని మొండికేసింది.

"అంత ఉప్పు పోస్తే నేలలో బతికే సన్నప్రాణులు చస్తాయి. దానికి ఊపిరాడదయ్యా."

"నేలకి ఊపిరా? మరి ముక్కెక్కడుందే? రాజుగారి ముందు రుజువు చెయ్యి. లేదంటే నీ పొలం దివాణానిది," అన్నాడు కామరసు.

నాంచారి ఆయన జరీ అంచు నూలు ఉత్తరీయాన్నే అడిగి తీసుకుని రెండుగా చింపింది. ఒక ముక్కను తన చేలో, రెండోదాన్ని ఏళ్లుగా సూరేకారం మేసిన ఆయన చేలో పాతించింది.

వానలు తగ్గాక రాజు ఎదుట తవ్వారు. కామరసు చేలోని ముక్క ఉతికి వేసుకునేలా ఉంది. నాంచారి చేలో జరీ అంచు ఒక్కటే మిగిలింది.

"చూశారా ప్రభూ, నా నేల భద్రంగా దాచింది. దీని నేల మింగేసింది," అన్నాడు కామరసు.

"నిజమే ప్రభూ," అంది నాంచారి. "మా ఇంట్లో అన్నం పెడితే విస్తరి ఖాళీ అవుతుంది. పెట్టింది పెట్టినట్టే ఉందంటే, ఆ ఇంట్లో తినేవాళ్లు బతికున్నట్టేనా?"

రాజు నవ్వి పొలం ఆమెకే ఉంచాడు.

మర్నాడు కామరసు గంప పట్టుకుని నాంచారి పెంటకుప్ప దగ్గరికి వచ్చాడు. కొత్త ఉత్తరీయం మాత్రం ఇంట్లోనే పెట్టి వచ్చాడు.