మంచుసంపెంగ మోడు

అనగనగా అంటే మీరెలాగూ 'ఊ' కొడతారు కాబట్టి మొదలుపెడుతున్నాను. ఒక రాజుగారు. పేరు విశాలసేనుడు. పాపం, ఏళ్ళుగా ఆయన కంటి మీద కునుకు లేదు. మంచుసంపెంగ పూల వాసన పీలిస్తేనే నిద్ర పడుతుందట. ఆ మొక్కేమో ఏడు సముద్రాల అవతల, కంటకుడనే మాంత్రికుడి తోటలో ఉంది.

పెద్దకొడుకు వెళ్ళి దొంగిలించి తెచ్చాడు. చలి రాగానే ఆకులన్నీ రాలాయి. చచ్చిందనుకుని పీకి పొయ్యిలో పెట్టాడు. రెండోవాడూ వెళ్ళి దొంగిలించి తెచ్చాడు. ఆకులు రాలాయి. జాలిపడి బిందెలకు బిందెలు నీళ్ళు పోశాడు. వేళ్ళు కుళ్ళాయి. ఈ చలికాలమూ నిద్ర లేకపోతే రాజు బతకడని వైద్యుడు చేతులెత్తేశాడు. ఇక మిగిలింది మూడోవాడు సుమంతుడు. వెళ్ళక తప్పుతుందా?

ఏడు సముద్రాలు దాటేసరికి అతనికి ఒళ్ళు హూనమైంది. తోట గుమ్మంలో పంజరంలోని చిలుక పలకరించింది.

"కంటకుడి ప్రాణం నాలోనే ఉంది బాబూ. నా పీక నులిమి మొక్క పట్టుకుపో. నాకూ విసుగొచ్చింది."

"చంపే ఓపిక నాకు లేదు చిలుకమ్మా. అడిగి చూస్తాను."

అడిగాడు. కంటకుడు ఆవలించాడు. "తీసుకుపో. మళ్ళీ నా గుమ్మం తొక్కావంటే మాత్రం చచ్చేదాకా నా తోటలో నీళ్ళు మొయ్యాల్సిందే."

అతని మనవరాలు మధూలిక మొక్కను వేరుమట్టితో తవ్వి, గోనెలో చుట్టి ఇచ్చింది. "మోడైతే కంగారుపడకండి. పీకకండి, నీళ్ళు గుమ్మరించకండి. ఊరికే ఉండండి" అంది.

బయల్దేరుతూ సుమంతుడు అలవాటుకొద్దీ "వెళ్ళొస్తాను తాతా" అనేశాడు. మరి మనలో ఎవరైనా 'పోతున్నాను' అంటారా?

"వస్తానన్నావు" అన్నాడు కంటకుడు. "మాటంటే మాటే. పూలు పూశాక రా. రాకపోతే ఆ మొక్క మళ్ళీ పుయ్యదు."

చలి వచ్చింది. ఆకులు రాలాయి. పెద్దన్న పీకెయ్యమన్నాడు, చిన్నన్న నీళ్ళు పొయ్యమన్నాడు. సుమంతుడు మోడు పక్కన ఊరికే కూర్చున్నాడు. ఊరికే ఉండటమంత కష్టం ఏడు సముద్రాలు దాటడంలోనూ లేదు. పుష్యమాసంలో మోడు నిండా పసుప్పచ్చని పూలు విచ్చాయి. ఆ వాసనకు రాజు గుర్రుపెట్టి నిద్రపోయాడు.

సుమంతుడికీ నిద్ర ముంచుకొస్తోంది. అయినా లేచి, మళ్ళీ ఏడు సముద్రాలూ దాటాడు. వెళ్ళి బిందె కోసం చెయ్యి చాచాడు.

కంటకుడు అతన్ని చాలాసేపు చూశాడు. "వెళ్ళొస్తానన్నవాళ్ళు ఎందరో నాయనా. వచ్చినవాడివి నువ్వొక్కడివే."

బిందె ఇవ్వలేదు. మనవరాలి వంక చూశాడు. మధూలిక సరేనంది.

పెళ్ళి కోటలోనే జరిగింది. మేళాలు మోగినా రాజుగారు లేవలేదు, ఎవరూ లేపలేదు. తలంబ్రాలు కాగానే సుమంతుడు కూడా తండ్రి పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. రాజ్యం చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు గానీ, అదంతా లేచాక.