ఏరు దాటిన ఏనుగు బిళ్ల

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. మా వీధి పిల్లలు సాయంత్రం అరుగు మీద చేరి, వచ్చే కారు నుదుట ఉన్న గుర్తు చూసి దూరం నుంచే పేరు చెప్పేస్తారు. నక్షత్రముంటే ఒక పేరు, నాలుగు వలయాలుంటే ఇంకో పేరు. దూకే చిరుత కనబడితే ఇక అరుపులే అరుపులు. వాళ్లను చూస్తుంటే ఈ కథ మనసులో కదిలింది.

అనగనగా, పొద్దుకు తొందర లేని కాలంలో, మంచుపట్నమని ఒక ఊరుండేది. అక్కడ తెల్లవారితే మంచు పాలనురగలా దిగేది. ఇళ్లు కనిపించవు. మనుషులు కనిపించరు. బండ్ల నుదుట ఇత్తడి బిళ్లలు మాత్రం మెరిసేవి. గాలిలో హంస తేలినట్టు, జింక పరుగెత్తినట్టు, ఏనుగు నడిచినట్టు ఉండేది.

జింక బిళ్ల ఉంటే అది వేగపు బండి. ఏనుగు బిళ్ల ఉంటే బరువులు మోసే బండి. హంస బిళ్ల ఉంటే తేలిక కర్రతో చేసిన బండి, ఏటి ఇసుకలో దిగబడదు. పసిపిల్లలు కూడా బిళ్ల చూసి బండి పేరు చెప్పేవారు. బండివాళ్లు సైతం తమ బండిని బిళ్లతోనే పోల్చుకునేవారు.

ఏటా ఆయుధపూజకు బిళ్లలన్నీ ఊడదీసి, చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ బిగించడం ఆ ఊరి ఆచారం. ఒక ఏడు బిగించే వేళకు మంచు మరీ చిక్కగా కమ్మింది. ఏ బిళ్ల ఏ బండికి పోయిందో ఎవరికీ తెలియలేదు. తెలియలేదన్న సంగతి కూడా తెలియలేదు.

ఆ మర్నాడే గాజులమ్మే పైడమ్మ ఇంటి చూరు మీద ఒక గోరింక వాలింది.

"పైడమ్మా! ఏటి అవతల నుంచి వస్తున్నా. నీ కూతురు చిలకమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. అమ్మా అమ్మా అని పిలుస్తోంది."

పైడమ్మ గాజుల మలారం అక్కడే వదిలి ఏటి ఒడ్డునున్న బండ్ల అడ్డకు పరుగెత్తింది. హంస బిళ్ల చూసి ఎక్కింది. ఏటి ఒడ్డున నాలుగు బారలు పోయిందో లేదో, చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

"ఇసుక మంచిది కాదు పిన్నీ," అన్నాడు బండివాడు.

దిగి ఇంకో హంస బండి ఎక్కింది. అదీ కూరుకుపోయింది.

"బరువంతా నీదే పిన్నీ! గాజులన్నీ ఒళ్లో దాచావా?" అని ఆ బండివాడు నవ్వాడు.

మూడోది గవిరయ్య బండి. దానికీ హంసే. కానీ ఎద్దులు అడుగు ముందుకు వేయలేదు. గవిరయ్య ములుకర్ర ఎత్తాడు. పైడమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు నాయనా. అడుగుదాం."

"ఎద్దునా? ఒరే, పిన్ని ఎద్దును అడుగుతుందట్రా!"

అడ్డంతా గొల్లుమంది. పైడమ్మ సిగ్గుతో తల వంచుకుంది. అయినా ఎద్దు గంగడోలు నిమిరి, "ఏమైందయ్యా? నా బిడ్డ నా కోసం చూస్తోంది," అంది.

"అడిగినవాళ్లు లేక చెప్పలేదమ్మా," అంది ఎద్దు. "ఇది నా బండి కాదు. నా కాడి మెడ మీద ఈకలా ఉంటుంది, ఇది కొండలా ఉంది. నా కాడికి నా చెమట వాసన ఉంటుంది, దీనికి లేదు. మమ్మల్ని విప్పించు."

గవిరయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఎద్దులను విప్పాడు. అవి మంచులోకి నడిచి నడిచి, ఒక బండి ముందు ఆగి మెడలు వంచాయి. ఆ బండికి ఏనుగు బిళ్ల ఉంది.

"తీసుకుపోండి, ఎలా దాటుతారో చూస్తా!" అన్నాడు దాన్ని తోలేవాడు. "నీళ్లు తాగుతావు పిన్నీ!" అని మిగతావాళ్లు అరిచారు.

పైడమ్మ ఏటి వైపు చూసింది. ఇదీ దిగబడితే నడి ఏట్లో దిక్కు లేదు. ఎద్దు కళ్లలోకి ఒకసారి చూసింది. గవిరయ్య ఎద్దులను కాడికి కట్టగానే బండి ఎక్కింది.

బండి నీడలా సాగింది. చప్పుడు లేదు. కింద నీళ్లు తెలుపు, పైన మంచు తెలుపు. ఒడ్డునున్న వాళ్లకు, ఇత్తడి ఏనుగొకటి కలలో ఈదుకుంటూ పోతున్నట్టు కనిపించింది. నవ్వులు ఆగిపోయాయి.

పైడమ్మ గడపలో అడుగు పెట్టేసరికి చిలకమ్మ చెయ్యి చాచింది.

"వచ్చావా అమ్మా!"

"వచ్చానే తల్లీ."

కాసేపటికి ఆడపిల్ల పుట్టి, అమ్మమ్మ చేతుల్లో కెవ్వుమంది.

విన్నారా పిల్లలూ! గుర్తు చూస్తే పేరు తెలుస్తుంది. గుణం తెలియాలంటే మోసేవాళ్లను అడగాలి.

ఇది రాసిన మర్నాడు పొద్దున కూరగాయలకు వెళ్తూ ఆటో ఎక్కాను. ఎప్పుడూ నోరు విప్పనిదాన్ని, "ఈ బండి ఎలా ఉంటుంది నాయనా, నీకు?" అని అడిగాను. బజారు వచ్చేదాకా అతను చెబుతూనే ఉన్నాడు.