రథానికి వీపుపెట్టి నిలబడినవాడు

సత్రం అరుగు మీద కూర్చుని స్వామికి తులసిమాలలు కట్టే వేదవల్లమ్మగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవారి చేతికి తులసిదళాలూ దారమూ ఇచ్చి, "ముందు ఈ మాల కట్టు నాయనా" అనేవారు. సగంమంది మాల పూర్తయ్యేసరికి అడిగినది మరిచిపోయేవారు. మరిచిపోనివాళ్ళకే ఆవిడ సమాధానం.

గవరయ్య మరిచిపోలేదు. అతనిది బజారులో దర్జీ కొట్టు. ఉత్సవాలకీ సంతలకీ మాత్రం పోలీసులకు సాయంగా హోంగార్డు పని చేసేవాడు. ఎవరూ బలవంతపెట్టలేదు, ఊరి మీది మమకారం కొద్దీ తనంతట తానే పేరిచ్చాడు. ఖాకీ చొక్కా సొంతంగా కుట్టుకున్నాడు కనుక స్టేషను మొత్తానికి ఒంటికి అతికినట్టున్న చొక్కా అతనిదే.

మాల ముడివేస్తూ మళ్ళీ అడిగాడు. "అమ్మగారూ, వేణుగోపాలస్వామి రథోత్సవం నాడు ఊరంతా స్వామికి దండం పెట్టుకుంటుంది. నేనొక్కణ్ణి రథం ముందు, జనాన్ని ఆపే తాడు పట్టుకుని, స్వామికి వీపుపెట్టి, జనం కేసి తిరిగి నిలబడతాను. హారతి కంటపడి ఎన్నేళ్ళయిందో! ఇది అపచారం కాదా? మా పైడమ్మయితే 'ఊరంతా రథాన్ని చూసొచ్చింది, మా ఆయన ఊరిని చూసొచ్చాడు' అని వీధి వీధంతా నవ్విస్తోంది. ఈ ఖాకీ విప్పేసి, అందరిలో ఒకడిగా దర్శనం చేసుకుందామనుకుంటున్నాను."

ఆవిడ మాల అందుకుని, "ఈ ఒక్క రథానికీ నిలబడు. మానడం మర్నాడైనా మానవచ్చు" అన్నారు. అంతే.

గవరయ్య తలూపాడు కాని, లోపల ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. హారతి గంట మోగుతున్నప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసేస్తే సరి. రెప్పపాటు పని, ఎవరికి తెలుస్తుంది?

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. హారతి వేళ జనం రథం మీదికి అరటిపళ్ళు విసురుతారు. రథానికి తగిలి కిందపడిన పండును ఇంటికి తీసుకుపోతే అనుకున్నది జరుగుతుందని నమ్మకం. తగలకుండా పడిందా, అది వట్టి అరటిపండే.

ఆ ఏడు రథం బజారు మూల మీద ఆగింది. చక్రాల కింద దిమ్మలు పెట్టారు. గంట మోగింది, పళ్ళు లేచాయి. అందులో ఒకటి రథం స్తంభానికి తగిలి, గవరయ్య టోపీ మీద పడి, అక్కణ్ణుంచి సరిగ్గా చేతిలోకి జారింది. "స్వామి పోలీసుకి లంచమిచ్చాడ్రోయ్!" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

నవ్వుతూనే గవరయ్య అనుకున్నాడు, ఇక హారతి దించేస్తారు, తిరిగితే ఇప్పుడే తిరగాలి. మెడ సగం తిరిగింది. కంటి కొసకు కర్పూరం వెలుగు తగిలింది కూడా. అదే క్షణంలో తాడు కింద నుంచి ఒక నెరిసిన తల ఇవతలికి దూరింది. గాజులమ్ముకునే సన్యాసమ్మ! చక్రం ముందు పడిన పండు తప్ప ఆవిడకు లోకం కనిపించడం లేదు. వెనకాల దిమ్మలు లాగేసిన చప్పుడయింది. మోకులు బిగిశాయి.

తిరిగిన మెడ తిరిగినంత వేగంగానే వెనక్కి వచ్చేసింది. గవరయ్య ఒక్క అంగలో వెళ్ళి ముసలమ్మను నడుం పట్టి ఎత్తి, తాడు అవతల దింపాడు. చక్రం ఆ పండు మీదుగా దొర్లిపోయింది. హారతీ అయిపోయింది.

"ఒగ్గరా నన్ను!" అని సన్యాసమ్మ అతని భుజం మీద రెండు చరిచింది. "నా మనవరాలికి సంబంధం కుదరాలని మొక్కుకున్న పండురా అది! సితికిపోనాది. నీకేటి అడ్డమొచ్చినానురా నాను?"

గవరయ్య తన చేతిలోని పండు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది రథానికి తగిలిందా, ఉత్తినే పడిందా?"

"తగిలిందే మామ్మా. తగిలే నా నెత్తిన పడింది, ఊరంతా చూసింది."

"నీ టోపీకి తగిలిందంటే పోలీసు సంబంధమే కుదురుతాదేటో!" అని బోసినోటితో నవ్వి, పండు కొంగున ముడేసుకుని, ఆవిడ జనంలో కలిసిపోయింది.

సాయంత్రం గవరయ్య ఖాకీ చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుని, సత్రం అరుగు మీద వేదవల్లమ్మగారి ఎదుట కూర్చున్నాడు. జరిగినదంతా చెప్పి, ముసలమ్మ మాటలకు ఆవిడతోపాటు తానూ నవ్వి, చివరికి మెల్లిగా అన్నాడు, "ఈ ఏడూ వీపే చూపించానమ్మగారూ. ఇంకొక్క క్షణం తిరిగి ఉంటే స్వామి కనబడేవాడు."

"రథం మీద స్వామి ఎటు తిరిగి ఉన్నాడు గవరయ్యా?"

"ఎటేమిటమ్మగారూ, జనం వైపే."

"ఆఁ, అటే చూస్తున్నాడు" అన్నారు వేదవల్లమ్మగారు, "నీ వెనకాల నిలబడి."